రాళ్లు అడిగే ముందు ఇసుక లెక్క చూడండి

గౌరవనీయులైన కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, తిరువొత్తియూరు నుంచి ఎన్నూరు దాకా సముద్రం ఒడ్డున ఇళ్లున్న తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం.

జలవనరుల శాఖకు మనవాళ్లు ఇవ్వబోతున్న వినతిపత్రం మా ఇంటికీ వచ్చింది. మన వీధి చివర నుంచి ఉత్తరం వైపు 500 మీటర్ల పొడవున రాళ్ల గోడ కావాలని, దాని కొసన సముద్రంలోకి ఒక కట్ట వేయాలని, అదంతా ఈ వానాకాలం లోపే జరగాలని అందులో ఉంది. దాదాపు అందరూ సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. "సర్వే పని చేసినవాడివి, నువ్వే వెనకాడితే ఎలాగయ్యా" అని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి కాగితమే పక్క కాలనీల్లో కూడా తయారవుతోందని విన్నాను. అందుకే బహిరంగంగా రాస్తున్నాను.

నాకు భయం లేదని ఎవరూ అనుకోవద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మన వీధిలో ఎవరికీ నిద్ర లేదు, మా ఇంట్లోనూ అంతే టెన్షన్. ఏదో ఒకటి చేయాలన్న దాంట్లో తేడా లేదు. ఏమి అడగాలన్న దగ్గరే తేడా.

వినతిపత్రం మొదటి వాక్యమే నాకు మింగుడు పడలేదు. "వాతావరణ మార్పుల వల్ల సముద్రం ముందుకు వస్తున్నందున" అని ఎత్తుకున్నారు. సముద్రమట్టం పెరుగుతున్న మాట నిజమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి 2015 వరకు ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ లెక్క కట్టింది. మన మనవల కాలానికి అది పెద్ద గండమే. కానీ మన పెద్దవాళ్లు చూసిన వీధులు, కొబ్బరి తోపులు, చిన్న చిన్న గుళ్లు నీళ్లలో కలిసిపోయింది ఆ మిల్లీమీటర్ల వల్ల కాదు. ఎలా చెప్పగలవంటారేమో, చెన్నై హార్బర్‌కు దక్షిణాన ఉన్న మెరీనా బీచ్ చూడండి. ఇదే ఊరు, ఇదే బంగాళాఖాతం, ఇదే నీటిమట్టం. అక్కడ రోడ్డు దిగి నీళ్ల దాకా నడిచేసరికి పిల్లలు ఎత్తుకోమంటారు. హార్బర్‌కు ఉత్తరాన కాశిమేడు దాటితే రోడ్డు పక్కనే రాళ్లు, రాళ్లను ఒరుసుకుంటూ నీళ్లు. మట్టం పెరగడమే కారణమైతే రెండు వైపులా తినాలి కదా. ఒక పక్క పెంచి ఇంకో పక్క తినడానికి సముద్రానికి మన మీద పగేమీ లేదు. నడుమ ఉన్నది హార్బర్.

అల ఒడ్డుకు నేరుగా రాదు, కాస్త ఏటవాలుగా వస్తుంది. వస్తూ ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది. తిరిగి పోయేటప్పుడు నీరు వాలు వెంట తిన్నగా దిగిపోతుంది. అలా ఒక్కో అలకూ ఇసుక కొంచెం కొంచెం పక్కకు జరుగుతూ ఉంటుంది. మన దగ్గర మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు ఎక్కువగా ఆగ్నేయం నుంచి వస్తాయి, ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో అలలు అటు నుంచి తిరుగుతాయి, కొంత ఇసుక దక్షిణానికి వెనక్కి వస్తుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. ఏడాది మొత్తం కూడితే లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఈ తీరం వెంట ఉత్తరానికి పోతున్నట్టు లెక్క. స్లాబు వేసేచోట కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకుంటారు చూడండి, ఇదీ అంతే. నడుమ ఒకడు తట్ట అందుకుని తన కాళ్ల దగ్గరే పెట్టుకుంటే ఆ పక్కవాడి చేతులు ఖాళీ. అయితే సముద్రం ఖాళీ చేతులు చూసి ఊరుకోదు. దక్షిణం నుంచి ఇసుక రాకపోతే ఉన్న ఒడ్డునే తవ్వి ఉత్తరానికి పట్టుకుపోతుంది. మన ముందు జరుగుతున్నది ఇదే.

హార్బర్ రాకముందు మద్రాసులో ఓడ ఆగడానికి చాటు ఉండేది కాదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, పలకల్ని తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. 1860ల్లో ఒక ఇనుప పియర్ (సముద్రంలోకి సాగే వంతెన లాంటిది) కట్టారు. దాని కాళ్ల మధ్య నుంచి నీరూ ఇసుకా పోయేవి కాబట్టి తీరానికి పెద్ద నష్టం లేదు. 1875లో వేల్స్ యువరాజు చేత హార్బర్‌కు శంకుస్థాపన చేయించి, సముద్రంలోకి రాతి బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే గోడలు) కట్టడం మొదలుపెట్టారు. 1881 నవంబరు తుఫానుకు అవి చాలావరకు దెబ్బతింటే మళ్లీ కట్టారు. అప్పటికే దక్షిణం పక్కన ఇసుక మేట వేయడం మొదలైంది. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1880ల్లో అక్కడ షికారుకు దారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. అంతకు ముందు సెయింట్ జార్జి కోట గోడల దాకా అలలు వచ్చేవి. ఇప్పుడు కోట గుమ్మంలో నిలబడితే సముద్రం కంటికి ఆనదు.

దక్షిణాన ఆగిన ఇసుకంతా ఉత్తరానికి రావాల్సిందే. ఆదివారం సాయంత్రం మెరీనాలో సుండల్ తింటూ కూర్చునే వాళ్లంతా మన ఇసుక మీద కూర్చున్నట్టే. (నవ్వులాటకు అంటున్నాను గానీ లెక్కలో నవ్వులాట లేదు.) రాయపురం, తండయార్‌పేట, తిరువొత్తియూరు, ఎర్నావూరు, ఎన్నూరు... ఈ వరుసలో చాలాచోట్ల ఒకటిన్నర శతాబ్దంలో తీరం వందల మీటర్లు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత కాశిమేడు ఫిషింగ్ హార్బర్ వచ్చింది. 2001లో ఎన్నూరు పోర్టు మొదలైంది, ఇప్పుడది కామరాజర్ పోర్టు. దాని పక్కనే కాట్టుపల్లి రేవు. ప్రతి రేవుకూ సొంత బ్రేక్‌వాటర్లు ఉన్నాయి, దక్షిణాన మేట, ఉత్తరాన కోత.

పైనుంచి రావాల్సిన ఇసుక కూడా తగ్గింది. పులికాట్‌లో కలిసే ఆరణియార్ చిత్తూరు వైపు కొండల్లో పుడుతుంది, ఎన్నూరు క్రీక్‌లో కలిసే కొసస్తలయార్‌కు కూడా నీళ్లు అటు నుంచే వస్తాయి. ఒకదాని మీద పిచ్చాటూరు జలాశయం, ఇంకోదాని మీద 1944లో కట్టిన పూండి. నీళ్లు నిలబడ్డ చోట ఇసుకా నిలబడుతుంది. మిగిలిన దాన్ని ఏటి అడుగు నుంచి లారీలకెత్తారు. మన కృష్ణమ్మ సంగతి ఇంతకన్నా ఘోరం. 1960ల చివర ఏడాదికి 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు తెచ్చిన నది, 2000 తర్వాత అందులో పదో వంతు కూడా తేవడం లేదు. తెలుగుగంగ కాలువలో పూండికి వచ్చే కృష్ణ నీళ్లు మనమే తాగుతున్నాం, కాబట్టి ఆనకట్టల్ని తిట్టే హక్కు మనకు కొంచెం తక్కువే. అయినా ఉత్తర చెన్నై వరకు అసలు దెబ్బ ఏటి దగ్గర కాదు, రేవుల దగ్గరే తగిలింది.

ఇక గోడ సంగతి. నా ఉద్యోగమంతా లెవెల్ మిషన్, కొలత కర్ర పట్టుకుని ఇలాంటి ఒడ్ల మీద కొలతలు తీయడంలోనే గడిచింది. గోడను రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్లు బాగా వెనక్కి తగ్గిన వేళ, అలలు నెమ్మదిగా ఉన్న రోజున, రాళ్ల పాదం దగ్గరికి దిగి చూడాలి. ముందు కంటపడేది నల్ల ఇసుక. తేలికైన తెల్ల ఇసుకను అల పట్టుకుపోతే ఇల్మనైటు, గార్నెట్ లాంటి బరువైన రేణువులు మిగిలి నల్లటి, ఎర్రటి చారలుగా పడి ఉంటాయి. అలాంటి చారలు కనబడ్డాయంటే సాధారణంగా అక్కడ కోత నడుస్తున్నట్టే. తర్వాత రాళ్ల సందుల్లోకి చూడండి. వెనకున్న మట్టి జారిపోకుండా రాళ్ల కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరుస్తారు. అది చిరిగి పేలికలై బయటికి వేలాడుతుంటుంది. చెయ్యి పెడితే లోపల గుల్ల. పాదం దగ్గర మొదట వేసిన రాళ్లు కనబడవు. వాటినెవరూ ఎత్తుకుపోలేదు, కింద ఇసుక పోయి అవి దిగబడిపోయాయి.

ఎందుకిలా జరుగుతుందంటే, ఇసుక ఒడ్డున అల పరుచుకుంటుంది, కొంత నీరు ఇంకిపోతుంది, బలం తగ్గిపోతుంది. గోడకు తగిలిన అల మాత్రం చాలావరకు అదే ఊపుతో వెనక్కి తిరుగుతుంది, పోతూ పోతూ పాదం దగ్గర ఇసుకను తోడేస్తుంది. అక్కడ లోతు పెరుగుతుంది. లోతు పెరిగేకొద్దీ ఇంకా పెద్ద అలలు దూరంలో విరగకుండా గోడ దాకా వచ్చేస్తాయి. ఈ మెలికను మన కమిటీలో ఎవరూ పట్టించుకోవడం లేదు. గోడల డిజైన్‌లో ఇంజనీర్లు వాడే హడ్సన్ సూత్రం ఒకటుంది. దాని ప్రకారం అల ఎత్తు రెండింతలైతే దాన్ని తట్టుకునే రాయి బరువు ఎనిమిది రెట్లు కావాలి. గోడ తన ముందు లోతు తనే పెంచుకుని, తనకన్నా బరువైన రాళ్లు తనే అడుగుతుంది. ఈ ఏడాది ఒక టన్ను రాళ్లు, తర్వాత మూడు టన్నులవి, ఆ తర్వాత టెట్రాపాడ్లు (నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు).

అది కూడా బరువు సరిగ్గా చూసి వేస్తేనే. మన దగ్గర కిందటిసారి మరమ్మతుకు వచ్చిన కాంట్రాక్టరు (పేరు అనవసరం) పైపైన నాలుగు పెద్ద బండలు పెట్టి, లోపలంతా మనిషి చేత్తో ఎత్తగలిగే రాళ్లు నింపాడు. మొదటి తుఫానుకే అవి ఎగిరొచ్చి రోడ్డు మీద పడ్డాయి. ఆటోవాళ్లు దిగి పక్కకు లాగి దారి చేసుకున్నారు. మనం ఫోటోలు తీసి పంపాం. జవాబుగా ఇంకో నాలుగు లారీల చిన్న రాళ్లు వచ్చాయి.

ఇసుక ఒడ్డు బలహీనమని మనలో చాలామంది అనుకుంటారు. తుఫాను రోజున అది చేసే పని చూస్తే ఆ మాట అనరు. పెద్ద అలలు ఒడ్డు మీది ఇసుకను లాక్కుపోయి కాస్త లోపల నీళ్ల కింద దిబ్బగా పోస్తాయి. తర్వాత వచ్చే పెద్ద అలలు ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి. తుఫాను పోయాక చిన్న అలలు వారాలు, నెలలు పట్టి ఆ ఇసుకను మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. ఆ దిబ్బ పడాలంటే ఒడ్డున సరుకుండాలి. గోడ ముందు ఇసుకంతా పోయాక ఆ రాకపోకలకు ఏమీ మిగలదు. గోడ వెనక ఇళ్లు కొన్నాళ్లు ఆగుతాయి, గోడ ముందు ఒడ్డు పోతుంది. మనకు ఇల్లు ముఖ్యం కాబట్టి అదీ బేరమే అనిపిస్తుంది. పక్క కుప్పంలో (మత్స్యకారుల వాడలో) పడవ ఉన్నవాడికి ఒడ్డే ఇల్లు.

కట్ట విషయానికి వద్దాం. మీ కాగితంలో ఉన్న కట్టను ఇక్కడ తమిళంలో తూండిల్ వళైవు అంటారు, ఇంజనీర్లు గ్రోయిన్ అంటారు. దాని దక్షిణం పక్కన మేట వేస్తుంది, ఉత్తరం పక్కన కోస్తుంది. కట్ట వేసే ప్రతిచోటా ఇంతే. మన వీధి చివర కట్ట వేస్తే ఆ కోత ఎవరి వాకిట్లో పడుతుందో వినతిపత్రం రాసినవాళ్లు ఒక్క వాక్యమైనా రాయలేదు. పడేది కుప్పం వాళ్ల ఫైబర్ పడవల దగ్గర. అక్కడి పెద్దాయన ఒకాయన్ని కలిసి అడిగాను. "మీకు కట్ట వేస్తే మేమూ అడుగుతాం సార్. మా అవతలి వాళ్లూ అడుగుతారు. అందరికీ కట్టలొచ్చాక పడవ ఎక్కడ లాగాలి?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మన కాగితం గురించి ఆయనకు నేను చెప్పేదాకా తెలియదు. అది మాత్రం మనకు సిగ్గుచేటు.

కట్టలన్నీ దండగ అని నేను అనను. 2004 ప్రాంతంలో ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డును కాపాడటానికి ఐఐటీ మద్రాసు డిజైన్‌తో పది కట్టలు వరుసగా వేశారు. కొన్నిటి మధ్య ఇసుక చేరింది, పడవలు నిలుపుకుంటున్నారు. అవి ఒక వరుసగా, ఒక్కోదాని పొడవూ వాటి మధ్య ఎడమూ లెక్క చూసి వేసినవి. అయినా ఆ వరుస దాటాక కోత ఉత్తరానికి జరిగింది. అక్కడివాళ్లు మళ్లీ కట్టలు అడిగారు, వేశారు. లెక్క చూసి వేసిన వరుసకే ఇలా ఉంటే, ఎవరి వీధి చివర వాళ్లు ఎమ్మెల్యేను పట్టుకుని ఒక్కొక్కటి వేయించుకునే కట్టల సంగతి మీరే ఊహించుకోండి.

ఇదెక్కడి దాకా పోతుందో చూడాలంటే పుదుచ్చేరి వెళ్లండి. 1980ల చివర అక్కడ రేవుకు బ్రేక్‌వాటర్లు కట్టారు. దక్షిణాన ఆగిన ఇసుకను పంపుతో ఉత్తరానికి తోడి పోయాలని ప్లాన్‌లోనే ఉంది. ఆ పని సరిగ్గా సాగలేదు. బీచ్ రోడ్డు ముందున్న ఇసుకంతా పోయింది, ఒక తరం పిల్లలు బీచ్ అంటే నల్ల రాళ్లే అనుకుంటూ పెరిగారు. రాళ్లు వేసినకొద్దీ కోత ఇంకా ఉత్తరానికి జరిగి, సరిహద్దు దాటి, తమిళనాడులోని తంత్రాయన్‌కుప్పం, బొమ్మయార్‌పాళయం లాంటి మత్స్యకార గ్రామాల మీద పడింది. రాళ్లు ఒక ప్రభుత్వానివి, పోయిన ఇళ్లు ఇంకో ప్రభుత్వం కిందివి.

మన వరుస కూడా ఒక సరిహద్దు వైపే పోతోంది. ఎన్నూరు, కాట్టుపల్లి దాటితే పళవేర్కాడు, మనవాళ్ల పులికాట్. దేశంలో చిలకా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అది. దానికీ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నటి ఇసుక తిన్నె మాత్రమే. దాని పైన శ్రీహరికోట, రాయదొరువు, వాకాడు, మన నెల్లూరు తీరం. ఇక్కడ ఆగిన ప్రతి లారీడు ఇసుకా ఎప్పటికైనా అక్కడికి చేరాల్సింది. మన కాలనీలో సగం మందికి నాయుడుపేట, సూళ్లూరుపేట, కోట వైపు బంధువులున్నారు. పండగకు వెళ్లినప్పుడు వాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి.

దేశం మొత్తం మీద లెక్క చూసినా ఇలాగే ఉంది. మన పళ్లికరణైలోనే ఉన్న జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలతో ప్రధాన భూభాగపు తీరమంతా కొలిచింది. 33.6 శాతం కోతకు గురవుతోంది, 26.9 శాతం మేట వేస్తోంది, మిగతాది నిలకడగా ఉంది. ఆ 26.9 శాతాన్ని గట్టిగా చదవండి. అంత మేట ఉన్నప్పుడు ఇసుక కరువైందని ఎలా అంటాం? చాలాచోట్ల ఉండాల్సిన చోట లేదు, అంతే.

మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణలు రెండున్నాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ. జాందానీ చీరలు నేసే ఊరు. గోదావరి తెచ్చిన ఇసుక హోప్ ఐలాండ్‌గా సాగి అక్కడే ఆగడం ఒక కారణం, రేవు కట్టడాలు ఇంకో కారణం. రాళ్లు వేశారు, ఇసుక నింపిన జియోట్యూబులు (పెద్ద గుడ్డ గొట్టాలు) వేశారు, మళ్లీ రాళ్లు వేశారు. తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది. రెండోది విశాఖపట్నం. 1933లో రేవు తెరిచినప్పుడే అక్కడి ఇంజనీర్లకు మద్రాసు అనుభవం తెలుసు. రెండు పాత ఓడల్ని ముంచి బ్రేక్‌వాటర్‌గా చేశారు, దాని చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో (అడుగు తవ్వే ఓడతో) తోడి ఉత్తరం ఒడ్డుకు పోయించారు. ఔటర్ హార్బర్ వచ్చాక కూడా డ్రెడ్జ్ చేసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తూ వచ్చారు. అక్కడా కోత ఉంది, కాదనను. కానీ ఆర్కే బీచ్‌లో ఇప్పటికీ పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. ఎన్నూరు రోడ్డు మీద ఆడుకునే చోటు చూపించండి.

అందుకని, వినతిపత్రం తిరగరాయమని అడుగుతున్నాను. గోడ కావాలి, కట్ట కావాలి అన్న రెండు కోరికలు తీసేసి వాటి చోట ఇసుక అడగండి. రేవులు తమ దారి పూడకుండా ఎలాగూ ఏటా డ్రెడ్జింగ్ చేస్తాయి. ఆ తవ్వినదాన్ని దూరంగా తీసుకెళ్లి సముద్రంలో పోయడం మామూలు. అందులో ఒడ్డుకు పనికొచ్చే ఇసుక ఎంతో, ఉత్తరపు ఒడ్డు మీద పోయమని అడగాలి. పనికొచ్చేది అని ఎందుకన్నానంటే, హార్బర్ లోపల తవ్వింది చాలావరకు బురద, నూనె మరకలు కూడా ఉండొచ్చు. ఒడ్డుకు కావాల్సింది మన ఇసుక ముతకదనంతో సరిపోయేది, ముఖ్యంగా బ్రేక్‌వాటర్ దక్షిణం పక్కన మేట వేసింది. దాన్ని పరీక్ష చేయించి, ఫలితాలు బయట పెట్టాలి.

"పోసిన ఇసుక మళ్లీ పోతుంది కదా, డబ్బు సముద్రంలో పోసినట్టే" అని మన కోశాధికారి గారు అంటారని తెలుసు. పోతుంది. పోవాలి కూడా. మన ముందు నుంచి పోయింది పక్క కుప్పానికి చేరుతుంది, అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి. అందుకే ఒక్కసారి పోస్తే చాలదు, ఏటా పోయాలి. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం గోడలు 1960ల్లో పొడిగిస్తే గోల్డ్ కోస్ట్ బీచ్‌లు ఇసుక లేక చిక్కిపోయాయి. 2001 నుంచి అక్కడ ఒక జెట్టీ కింద పంపులు పెట్టి, ఏడాదికి దాదాపు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను పైపుల్లో నది దాటిస్తున్నారు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఖర్చు పెట్టుకుంటున్నాయి. మనం రాళ్ల మీద పెడుతున్నది కూడా ఒక్కసారి ఖర్చేం కాదు, ప్రతి తుఫాను తర్వాతా లారీలు వస్తూనే ఉన్నాయి. ఇసుక ఖర్చు ఎవరు భరించాలంటే, నా మటుకు నాకు సందేహం లేదు. దాన్ని ఆపుకున్న రేవులే భరించాలి.

గట్టి కట్టడాలు అసలు వద్దనడం లేదు. రోడ్డు నీళ్లలోకి వేలాడుతున్న చోట ఇప్పుడున్న గోడను తీసేస్తే మర్నాడు రోడ్డుండదు. దాన్ని పాదం లోతుకు దింపి, సరైన బరువు రాళ్లతో మరమ్మతు చేయమనండి. పుదుచ్చేరిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు నీళ్లలో మునిగి ఉండే ఉక్కు కట్టడం ఒకటి దింపి, దాని చాటున ఇసుక పోయించారు. చీఫ్ సెక్రటేరియట్ ముందు మళ్లీ బీచ్ కనబడింది. చెంగల్పట్టు వైపు కడలూర్ పెరియకుప్పంలో జియోట్యూబులతో అలాంటిదే చేశారు. మనకు సరిపోతుందో లేదో కొలిచి చెప్పగలిగినవాళ్లు బస్సు దూరంలోనే ఉన్నారు. వాళ్ల చేత అడయారు నుంచి పులికాట్ దాకా మొత్తం తీరాన్ని ఒకే తీరంగా చూసి ప్లాన్ వేయించమని అడగాలి. ఆ ప్లాన్ వచ్చేదాకా విడిగా కొత్త కట్ట ఎవరికీ వేయొద్దనాలి. ఎవరికీ అంటే మనకు కూడా.

వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాల్‌లో మీటింగ్ ఉంది. ఆ లోపు రెండు పనులు జరగాలని కోరుతున్నాను. ఒకటి, ఉత్తరం పక్కనున్న మూడు కుప్పాల పెద్దల్ని పిలవండి. వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి, చివర కుర్చీలు వేయొద్దు. రెండు, ఆ పెద్దలు చదువుకోవడానికి వీలుగా వినతిపత్రం తమిళంలో కూడా ఉండాలి. తమిళ ముసాయిదా నేను రాసి తెస్తాను. నా పాత సర్వే పుస్తకాల్లో మన ఒడ్డు వాలు కొలతలు కొన్ని ఉన్నాయి, అవీ పట్టుకొస్తాను. కాగితంలో గోడ కోరిక, కట్ట కోరిక మారిస్తే మొదటి సంతకం నాదే పెట్టించుకోండి. మార్చకపోతే అదే హాల్‌లో లేచి వ్యతిరేకంగా మాట్లాడతాను, అది మినిట్స్‌లో రాయించమని కార్యదర్శి గారికి ముందుగానే మనవి.

ఇట్లు
మీ కాలనీలోనే ఉంటున్న ఒక రిటైర్డ్ సర్వేయర్
ఉత్తర చెన్నై